పదహారు గళ్ళలో పట్టని ఏడు

సీక్వెన్సర్ అనగానే తెరమీద పదహారు గళ్ళు. ఏ గడి నొక్కితే అక్కడ దెబ్బ. నేను రాసిందీ అంతే, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడిచేంత తేలిక. ముందు ఆఫీసు ఫ్రెండ్స్‌కి ఇచ్చాను. డార్క్ మోడ్ అడిగారు, పెట్టాను. అయిపోయిందనుకున్నాను.

గుంటూరులో మా వీధి డోలు పెద్దాయనకి చూపిస్తే ఒకటే అడిగారు: "ఇందులో మిశ్రచాపు ఎట్టా వేయాలి బాబూ?"

ఏడు అక్షరాల తాళం. రెండు ఆవర్తాలకి పద్నాలుగు గళ్ళు. మిగతా రెండూ ఖాళీగా మోగి తాళాన్ని చంపేస్తాయి.

మన ఇంజనీర్లు దీన్ని "ఎడ్జ్ కేస్" అంటారు. షేక్ చిన మౌలానా పుట్టిన కరవది ఒంగోలు పక్కనే. ఆ నేలమీద నాదస్వరం, డోలు ఎడ్జ్ కేసా? 1987లో అమీగా కంప్యూటర్‌కి వచ్చిన అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్‌లో ప్యాటర్న్‌కి 64 వరసలు. ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. వాళ్ళ పాటకి అది సరిపోయింది, వాళ్ళని అనేదేం లేదు. ఆ లెక్కనే ప్రకృతి ధర్మమనుకుని కాపీ కొట్టిన మనల్ని అనాలి.

"అలాంటి యూజర్లు ఎంతమంది?" అంటారు. ఫీడ్‌బ్యాక్ ఫారం ఇంగ్లీషులో పెట్టి, లింకు ఆఫీసు గ్రూపులో పంచి, డోలు వాళ్ళెవరూ అడగలేదంటే ఎలా? తొలి యూజర్లని ఎంచుకున్నప్పుడే జవాబులనీ ఎంచుకున్నాం.

చివరికి నేను చేసిందేమిటి? కోడ్‌లో పాతేసిన 16ని తీసి, ఆ అంకెని వాయించేవాళ్ళకి వదిలేశాను. సాఫ్ట్‌వేర్ బరువేమీ పెరగలేదు. తేలిక పేరుతో మనం వదిలించుకున్నది బరువు కాదు, మనుషుల్ని.