షట్టరు లేని షాపు

“వాట్సాప్‌లో నాలుగు చీరలు అమ్ముకునే మనిషికి ఇన్సూరెన్స్ ఏంటండీ, షాపా పాడా!” ఈ మాట బంధువులంటారు, ఆడిటరంటాడు, ఆఖరికి ఆ చీరలమ్మే ఆవిడే నవ్వుతూ అంటుంది. అద్దె లేదు, షట్టరు లేదు, కాబట్టి రిస్కూ లేదని లెక్క. షాపు లేనంత మాత్రాన సరుకు లేకుండా పోతుందా? అది పడగ్గదిలో, మంచం కింద, పిల్లల పుస్తకాల పక్కన ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్ళు ఇల్లనీ దుకాణమనీ తేడా చూడలేదు. పాలసీ చూస్తుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన గృహ బీమా ‘భారత్ గృహ రక్ష’లో సామానంటే ఇంటి వాడకానికి ఉన్నదే: టీవీ, ఫ్రిజ్, మంచం. ఆ మంచం కింద అమ్మకానికి పెట్టిన చీరలు అందులోకి రావు. “ఇంటికి పాలసీ ఉందిగా” అనే ధీమా అక్కడే తేలిపోతుంది. సరుకుకి 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ ఉంది. ఒకచోట ఆస్తి విలువ 5 కోట్లు దాటని వ్యాపారాలకి; నిప్పు, వరద, తుపాను అందులోనే. మామూలు దొంగతనానికి మాత్రం వేరే తీసుకోవాలి. వ్యాపారం ఇంట్లోనే నడుస్తోందని ప్రపోజల్ ఫారంలో రాయాలి. దాస్తే క్లెయిము దగ్గర దొరికిపోతారు.

సరుకు పోతే పోయింది, మళ్ళీ తెచ్చుకోవచ్చు. కేసు పడితే? ఆవకాయ పెట్టి ఆన్‌లైన్లో అమ్మే ఇల్లాలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో ఉత్పత్తిదారు. “నువ్వుల నూనె తప్ప ఇంకోటి వాడం” అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన వాక్యం హామీ కిందికి వస్తుంది. నూనె మిల్లువాడు కల్తీ చేసి ఉండొచ్చు. ఆ హామీ ఇవ్వడంలో తన నిర్లక్ష్యం లేదని రుజువు చేసినా, సరుకు దానికి తగ్గట్టు లేక ఎవరికైనా హాని జరిగితే ఆవిడ బాధ్యత తప్పదు. పెద్ద కంపెనీ అయితే మునిగేది కంపెనీ. సొంత పేరు మీద అమ్మేవాళ్ళకి వ్యాపారపు అప్పు వేరు, ఇంటి ఆస్తి వేరు అనేది లేదు. పరిహారం కట్టమంటే ఒంటి మీది బంగారం దాకా వస్తుంది. ఇలాంటి కేసులకి పనికొచ్చే ఉత్పత్తి బాధ్యత బీమా పెద్దవాళ్ళ వ్యవహారమని ఎవరన్నారో గానీ, ఒక్క దెబ్బ తట్టుకోలేని వాళ్ళకే అది ముందు కావాలి.

ఏజెంట్లు చెప్పేవన్నీ కొనమని కాదు. నోటుపుస్తకంలో చిరునామాలు రాసుకునే ఆవిడకి ముందుగా సైబర్ పాలసీ అంటగట్టేవాళ్ళున్నారు. వాళ్ళని గుమ్మం దగ్గరే పంపేయాలి. “క్లెయిములు ఎగ్గొడతారు” అనే ఫిర్యాదులోనూ నిజముంది. అయితే కొన్న సరుకుకి బిల్లు, నెలకోసారి స్టాకు లెక్క లేకుండా సర్వేయరు ముందు కూర్చుంటే ఎగ్గొట్టడం వాడికి మరీ తేలిక.

అసలు కోపం రావాల్సింది ఇంకోచోట. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ ఎత్తేశారు. సరుకు పాలసీ మీద 18 శాతం అలాగే ఉంచారు. పెద్ద కంపెనీ ఆ పన్నుని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి రాబట్టుకుంటుంది. జీఎస్టీ నమోదు లేని చీరలావిడకి ఆ వెసులుబాటు లేదు, మొత్తం చేతి నుంచే కట్టాలి. చిన్నవాళ్ళకి బీమా అనవసరమని అందరూ అనుకుంటున్నంత కాలం ఈ సంగతి అడిగే నాథుడుండడు.