మహాయుగసంఖ్యకు మైలు సాక్ష్యమా?

కలియుగ ప్రమాణము 4,32,000 సంవత్సరములు. దానిని రెట్టించినచో 8,64,000. సూర్యబింబ వ్యాసము సుమారు 8,64,000 మైళ్ళు. కావున ఋషులు సూర్యుని కొలిచి ఆ కొలతను యుగసంఖ్యలో నిక్షేపించిరని కొందరు ఉపన్యాసకులు వేదికలెక్కి ఘోషించుచున్నారు. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగుచున్నది.

మైలు ఆంగ్లేయుల మానము. అదే వ్యాసము కిలోమీటర్లలో సుమారు 13,91,000. అప్పుడు ఆ రహస్యమెక్కడికి పోయినది? సూర్యసిద్ధాంతము సూర్యవ్యాసమును దాచనేలేదు. 6,500 యోజనములని, భూవ్యాసము 1,600 యోజనములని స్పష్టముగా చెప్పినది. అనగా సూర్యుడు భూమికి నాలుగింతలు. నేటి మానము ప్రకారము సుమారు 109 రెట్లు. గ్రంథము స్వయముగా చెప్పిన మాటను మరుగుపరచి, చెప్పని మాటను దానికి అంటగట్టుట భక్తి యెట్లగును?

4, 3, 2 కలిపిన తొమ్మిది వచ్చునను అద్భుతమును అట్టిదే. తొమ్మిది గుణిజములన్నిటికిని ఆ లక్షణమున్నది. కిరాణా చిట్టాలోని 4,527 రూపాయలకును ఉన్నది.

సభలో వెనుక వరుసనున్న కళాశాల విద్యార్థి చేతిలోని ఫోనులో మైళ్ళను కిలోమీటర్లుగా మార్చుటకు అరనిమిషము చాలును. అటుపిమ్మట వాడు అవిశ్వసించునది ఉపన్యాసకుని మాత్రమే కాదు, తండ్రి ప్రతిదినము చెప్పు సంకల్పమును కూడ.

మహాయుగసంఖ్య 43,20,000 యొక్క నిజవైభవము వేరు. అది 2 యొక్క ఎనిమిదవ ఘాతము, 3 యొక్క మూడవ ఘాతము, 5 యొక్క నాల్గవ ఘాతముల లబ్ధము. దానిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు 180. పండ్రెండు రాశులు, ఇరువదియేడు నక్షత్రములు, ముప్పది తిథులు, ప్రభవాది అరువది వత్సరములు, చక్రమందలి 360 భాగలు, అన్నియు అందులో ఇముడును. అంత పెద్ద సంఖ్య యేల? గ్రహభగణములను భిన్నములు లేక పూర్ణసంఖ్యలలో చెప్పుటకు. సూర్యసిద్ధాంతము ప్రకారము మహాయుగమున చంద్రునికి 5,77,53,336 భగణములు, శనికి 1,46,568. చంద్రభగణములనుండి సూర్యభగణములను తీసివేసిన చాంద్రమాసములు 5,34,33,336. వానినుండి సౌరమాసములు 5,18,40,000 తీసివేయగా మిగిలిన 15,93,336 అధికమాసములు. పంచాంగమున అధికమాసము వచ్చుటకు మూలమీ వ్యవకలనమే.

ఇక కల్పమునకు వేయి మహాయుగములు, పదునలుగురు మనువులు. వేయిని పదునాలుగు భాగింపదు. మనువునకు 71 చొప్పున 994 పోగా ఆరు మిగులును. ఒక్కొక్కటి కృతయుగ ప్రమాణమైన 17,28,000 వత్సరముల సంధులు పదునైదు చేర్చినచో సరిగా ఆ యారు మహాయుగములు పూరింపబడును. ఆర్యభటుడు సంధులను వదలి మనువునకు 72 గ్రహించి, కల్పమును 1,008 మహాయుగములుగా గణించెను. యుగపాదములను నాల్గింటిని సమానము చేసెను. ఇది స్మృతివిరుద్ధమని బ్రహ్మగుప్తుడు తీవ్రముగా ఖండించెను. పెద్దలు వాదించుకొన్నది ఆ శేషమునుగూర్చి, ఆ పాదములనుగూర్చి. వేదికపై ఆ లెక్కను నల్లబల్లపై వ్రాసి చూపినచో, వెనుక వరుసనున్న విద్యార్థి ఫోనును ప్రక్కనబెట్టి కాగితమందుకొనును.