లేపాక్షి కప్పు మీది కుల్లాయిలు

పెనుకొండలో హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ దర్గా జియారత్‌కు రాయలసీమ నుంచీ కర్ణాటక నుంచీ ఏటా ఎన్నో కుటుంబాలు వస్తుంటాయి. హిందూపురం మీదుగా వచ్చేవారికి లేపాక్షి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరమే. అయినా అటు బండి మళ్లించే ముస్లిం కుటుంబాలు అరుదు. 'అది గుడి కదా, మనకేం పని?' అన్న మాటతో ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

చూడటానికీ పూజించడానికీ మధ్య తేడా మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. షారుఖ్ సుల్తాన్ రాయబారిగా హెరాత్ నుంచి 1443లో విజయనగరానికి వచ్చిన అబ్దుర్ రజాక్ దారిలో తాను చూసిన దేవాలయాల పనితనాన్ని మెచ్చుకుంటూ రాసిపెట్టాడు. అందువల్ల ఆయన ఈమాన్‌కు వచ్చిన లోటేమీ లేదు.

ఇంతకీ లేపాక్షిలో మనం చూడవలసింది ఏమిటి? దారి పక్కనే ఏకశిలలో చెక్కిన నంది ఉంది. పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. కూర్మశైలమనే చిన్న గుట్ట మీద వీరభద్రాలయం, అందులో అడుగు పూర్తిగా నేలకు ఆనని స్తంభం, పూర్తికాని కల్యాణ మండపం ఉన్నాయి. వీటి గురించి అందరూ చెబుతారు. విరూపణ్ణ కళ్ల కథ కూడా చెబుతారు. అది కథే అయినా వినసొంపుగా ఉంటుంది. జనమంతా ఆ స్తంభం కింద తువ్వాలు దూర్చడంలో మునిగిపోయి, తలెత్తి పైకి చూడటం మరచిపోతారు. అసలు విశేషం పైనే ఉంది.

అచ్యుత దేవరాయల (1529-1542) కాలంలో ఈ గుడిని కట్టించిన అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణలు. మండపాల కప్పుల మీద వారు గీయించిన బొమ్మల్లో పురాణ గాథలతో పాటు ఆనాటి మనుషులూ ఉన్నారు. ఆ అన్నదమ్ములూ, వారి పరివారమూ చేతులు జోడించి నిలబడి ఉంటారు. వారి తలల మీద పొడవాటి కోసు టోపీలు, ఒంటి మీద నిలువుటంగీలు కనిపిస్తాయి. ఆ టోపీ పేరు కుల్లాయి. పారశీకంలో కులాహ్ అన్న మాటే తెలుగులో, కన్నడంలో ఇలా మారింది. శ్రీనాథుడి చాటువులోనూ ఈ టోపీ ప్రస్తావన ఉంది. కబాయి అనే అంగీ పేరు అరబ్బీలోని ఖబా. నొసట విభూతి ధరించి వీరభద్రుణ్ణి కొలిచే రాజోద్యోగి దర్బారుకు వెళ్లేటప్పుడు తొడుక్కున్నవి ముస్లిం ప్రపంచపు దుస్తులు. అవి పరాయివని అతనికి అనిపించలేదు. గుడి కప్పు మీద గీయించుకోవడానికీ సంకోచించలేదు.

విజయనగర సైన్యంలో ముస్లింలు ఉండేవారు. రెండవ దేవరాయల కొలువులోని అహ్మద్ ఖాన్ 1439లో హంపీలో కట్టించిన మసీదు నేటికీ ఉంది. శాసనంలో దాన్ని ధర్మశాల అన్నారు. పెనుకొండలోని గగన్ మహల్ కమానులు చూసినా ఈ కలగలుపే కనిపిస్తుంది.

ఇదంతా తీపి కథేనని చెప్పబోవడం లేదు. కుల్లాయి పెట్టుకున్నంత మాత్రాన యుద్ధాలు ఆగలేదు. 1565లో దక్కను సుల్తానులు ఏకమై విజయనగరాన్ని దెబ్బతీశారు. రాజధాని పెనుకొండకు తరలింది. అయితే పిల్లలకు పాఠాల్లో, కబుర్లలో ఈ సగమే చేరుతోంది. 'మీవాళ్లే కూలగొట్టారట కదా' అని తోటి విద్యార్థి అంటే జవాబు తెలియక తలవంచుకుని ఇంటికి వచ్చే పిల్లలు మనలో ఉన్నారు. వాళ్లకు రెండో సగాన్ని చూపించగల చోటు హిందూపురానికి ఇంత దగ్గరలో ఉంది. మన విద్యాసంస్థలు విహారయాత్ర అనగానే బెంగళూరు వైపే చూడటం విచారకరం.

లేపాక్షి ఆలయం, నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. అదే సంవత్సరం ఆ ఊరు అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారింది. గుర్తింపు సంతోషకరమే. కానీ అయిదు వందల ఏళ్ల నాటి రంగులు అక్కడక్కడ పెచ్చులూడి, వెలిసిపోయి ఉన్నాయి. స్తంభానికి దక్కే శ్రద్ధలో కొంతయినా ఈ చిత్రాలకు దక్కాలి. కుల్లాయి, కబాయిల సంగతి వివరించే పలక ఒకటి తెలుగు, కన్నడం, ఉర్దూ భాషల్లో అక్కడ ఉంటే ఎంతో మేలు. ఆ కథ చెప్పగల మార్గదర్శకులుగా హిందూపురం ముస్లిం యువకులు ఎందుకు తయారు కాకూడదు? కరువు సీమలో పది మందికి పని దొరికినా అది చిన్న విషయం కాదు.

వెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అది నిత్య పూజలు జరిగే ఆలయం. మన దర్గాలో ఇతరులు ఏ మర్యాద పాటించాలని కోరుకుంటామో అదే అక్కడ మనమూ పాటించాలి. చెప్పులు బయట విడవాలి, పూజ జరిగే చోటికి అడ్డు పోకూడదు, గోడల మీద గీతలు గీయకూడదు. వేసవిలో బండలు కాలిపోతుంటాయి కనుక చలికాలం మేలు. బయటి ఎండలోంచి మండపంలో అడుగుపెట్టగానే కప్పు మీద ఏమీ కనిపించదు. కళ్లు నీడకు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు నిలబడితే ముందు అంచులు, తరువాత టోపీలు, ఆపైన ముఖాలు ఒక్కొక్కటే తేలతాయి.