సులువంటే చులకన కాదు

ప్రతి ఏడాదీ మన హాస్టల్ నుంచి కొందరు తమ్ముళ్ళు డిగ్రీలో కంప్యూటర్ గ్రూపు తీసుకుంటున్నారు. మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చేసరికి వారిలో కొందరు "కంప్యూటర్ మనకు రాదు" అని తేల్చేసుకుంటున్నారు. ఇది దూరం నుంచి చూసి చెబుతున్న మాట కాదు. ఒకప్పుడు మేమూ అలాగే తేల్చేసుకున్నాం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

2019లో మేము డిగ్రీలో చేరినప్పుడు మాకు మొదట చెప్పింది సి లాంగ్వేజి. తెర మీద మన పేరు కనిపించాలంటే ముందు హెడర్ ఫైలు, తరువాత మెయిన్ ఫంక్షన్, ఫ్లవర్ బ్రాకెట్లు, లైను చివర సెమికోలన్. ఇవన్నీ ఎందుకో అర్థం కాకుండానే రాయాలి. ల్యాబ్‌లో ముగ్గురికి ఒక కంప్యూటర్. మన వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేవారు. పది ప్రోగ్రాములు బట్టీ పట్టి వెళితే పరీక్షలో పదకొండోది వచ్చింది. "ఒగ్గేద్దాంరా, ఇది మన వల్ల కాదు" అని మాలో ఒకడు అంటే మిగతావాళ్ళం కాదనలేదు. మా ఇళ్ళలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. "మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది, భయపడకు" అని చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు. తప్పు పుస్తకంలో ఉందా, పద్ధతిలో ఉందా అని మాకు తోచలేదు. తప్పు మనలోనే ఉందనుకున్నాం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్ళు మూసేశారు. ట్రంకు పెట్టెలతో ఊళ్ళకు వెళ్ళిపోయాం. చెరువు గట్టు మీదికి వెళితే గానీ సిగ్నల్ అందదు. ఆ రోజుల్లో ఒక సీనియర్ అన్న ఫోనులోనే పైథాన్ నేర్చుకోవచ్చని చెప్పి పైడ్రాయిడ్ అనే యాప్ వేసుకోమన్నారు. మొదటి ప్రోగ్రామ్ ఒకే ఒక్క లైను. ప్రింట్ అని రాసి, బ్రాకెట్లో కొటేషన్ల మధ్య మన పేరు రాయడమే. నొక్కగానే పేరు వచ్చేసింది. "ఇదేటన్నా, ఇంతేనా?" అని ఫోను చేసి అడిగాం. "ఇంతే. రేపు రెండో లైను రాయండి" అన్నారాయన. ఆ మర్నాడు రెండో లైను రాశాం. అలా మొదలైంది.

ఈ భాష పుట్టుక గురించి తరువాత చదివినప్పుడు మాకు మరింత ముచ్చటేసింది. 1989 క్రిస్మస్ సెలవుల్లో ఆఫీసు మూసి ఉంటుంది కాబట్టి ఆ వారం రోజులూ కాలక్షేపంగా చేసుకోవడానికి ఒక పని కావాలనుకున్నారు నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్. అలా మొదలుపెట్టినదే పైథాన్. అంతకుముందు ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లోని సి.డబ్ల్యు.ఐ. పరిశోధనా సంస్థలో ఏబీసీ అనే భాష మీద పనిచేశారు. అది కొత్తగా నేర్చుకునే వాళ్ళ కోసం తయారైన భాష. అందులోని మంచిని తీసుకుని, లోపాలు సరిదిద్ది, 1991లో పైథాన్‌ను ఉచితంగా లోకానికి ఇచ్చారు. అంటే ఇది సరదాగా పుట్టిన భాష. సరదాగా నేర్చుకోవడం తప్పెలా అవుతుంది?

అయినా "పైథాన్ పిల్లల భాష, దమ్మున్నవాడు సి రాస్తాడు, జావా రాస్తాడు" అనే సీనియర్లు ఉన్నారు. ఈ వెటకారం కొత్తది కాదు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు ఆచార్యులు బేసిక్ అనే భాషను తయారుచేశారు. సైన్సు చదవని విద్యార్థి కూడా కంప్యూటర్ వాడగలగాలన్నది వారి ఉద్దేశం. 1975లో డైక్‌స్ట్రా అనే గొప్ప కంప్యూటర్ శాస్త్రవేత్త, బేసిక్ అలవాటైన విద్యార్థులకు మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యమని రాశారు. అదే 1975లో బిల్ గేట్స్, పాల్ అలెన్ చిన్న కంప్యూటర్ల కోసం బేసిక్ రాశారు. మైక్రోసాఫ్ట్ సంస్థ మొదటి సరుకు అదే. 1991లో లినక్స్‌ను ప్రారంభించిన లినస్ టోర్వాల్డ్స్ కూడా చిన్నప్పుడు తాతగారు కొన్న కంప్యూటర్ మీద బేసిక్‌తోనే అక్షరాభ్యాసం చేశారు. డైక్‌స్ట్రా పెద్ద మేధావి అనడంలో సందేహం లేదు. కానీ ఆ మాట మాత్రం నిలబడలేదు.

ఇంత దూరం పోనక్కరలేదు. మన జిల్లా మనిషినే తలుచుకుందాం. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పుస్తకాల్లో ఉన్న గ్రాంథికం చదువుకు అడ్డుగోడ అవుతోందని, జనం మాట్లాడే భాషలో చదువు చెప్పాలని జీవితమంతా వాదించారు. సవరల కోసం వారి భాష నేర్చుకుని, వారి భాషలో పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. వాడుక భాషలో రాస్తే చదువు స్థాయి పడిపోతుందని ఆనాటి పండితులు గగ్గోలు పెట్టారు. మరి స్థాయి పడిపోయిందా? ఈ సంచికలో మనమంతా రాస్తున్నది ఆ వాడుక భాషలోనే కదా! గడప ఎత్తు తగ్గిస్తే ఇంటి గౌరవం తగ్గదు. లోపలికి వచ్చేవాళ్ళు పెరుగుతారు. తరతరాలుగా గడప బయటే నిలబడిన మన కుటుంబాలకు ఈ సంగతి ఇంకొకరు చెప్పాలా?

అయితే సులువుగా మొదలుపెట్టడం వేరు, నిలబడడం వేరు. హాస్టల్ తెరిచాక ఆదివారం సాయంత్రాలు స్టడీ హాల్లో కూర్చోవడం మొదలుపెట్టినప్పుడు ఏడుగురం. ఏడాది తిరిగేసరికి ముగ్గురం మిగిలాం. ఇద్దరు ఇంటి అవసరాల వల్ల చదువు ఆపి విశాఖపట్నం పనులకు వెళ్ళారు. వాళ్ళది వదిలేయడం కాదు, వాళ్ళ మీద ఆ మాట వేయకూడదు. మిగిలిన ఇద్దరూ వీడియోలు చూస్తూనే ఉండిపోయారు. ఒక వారం పైథాన్, మరో వారం జావా, ఆపై వెబ్ డిజైనింగ్. ఈత వీడియో ఎన్నిసార్లు చూసినా నాగావళిలో దిగకపోతే ఈత రాదు.

మరి మేమెందుకు నిలబడ్డాం? మాకు తెలివి ఎక్కువై కాదు. మాకొక సొంత పని దొరికింది. పీజీకి వచ్చాక మేముంటున్న హాస్టల్లో మెస్ విద్యార్థులమే నడుపుకుంటాం. నెలాఖరున లెక్క అంటే రెండు రాత్రులు తగువే. ఎవరు ఎన్ని రోజులు తిన్నారు, ఎవరు ఊరెళ్ళారు, ఎవరి అతిథి తిన్నాడు. ఆ లెక్క పైథాన్‌లో పెట్టాం. మొత్తం ఖర్చును అందరూ తిన్న మొత్తం రోజులతో భాగించి, ఒక్కొక్కరి రోజులతో గుణించడమే. ఖర్చు 68,040 రూపాయలు, అందరి రోజులు 1,134 అయితే రోజుకు 60. 23 రోజులు తిన్నవాడికి 1,380. పదిహేను లైన్ల ప్రోగ్రామ్. మొదటి నెల ఒకరి పేరు రెండుసార్లు ఎక్కించి లెక్క తప్పాం, బాగా తిట్లు తిన్నాం. రెండో నెల నుంచి తగువు లేదు. మన పని మనవాళ్ళకు పనికొచ్చిందన్న ఆ తృప్తే మమ్మల్ని ఈ భాషకు కట్టిపడేసింది.

ఇంకో ఆనందం తెలుగుది. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి, మనం పెట్టుకునే పేర్లు తెలుగులోనే రాయవచ్చు. "ఖర్చు", "రోజులు" అని తెలుగులో రాస్తే అది ఒప్పుకుంటుంది. ౬౦ అని తెలుగు అంకెలు ఇచ్చి సంఖ్యగా మార్చమంటే 60 అని మార్చేస్తుంది. ఇఫ్, ఫర్ లాంటి మాటలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటాయి. ఒకరోజు "శ్రీకాకుళం" అనే మాట పొడవు ఎంతో చెప్పమన్నాం. మనకు కనిపించేవి శ్రీ, కా, కు, ళం అని నాలుగు అక్షరాలు. అది 10 అంది. తప్పు చెప్పిందని నవ్వుకున్నాం. తరువాత తెలిసింది, కంప్యూటర్ హల్లును, గుణింతపు గుర్తును, వత్తు కోసం పెట్టే పొల్లును, సున్నాను వేటికవే విడిగా లెక్కపెడుతుందని. ఏ క్లాసులోనూ చెప్పని పాఠం మన జిల్లా పేరే చెప్పింది.

పైథాన్ వస్తే చాలు, ఉద్యోగం నడిచి వస్తుందని మేము చెప్పడం లేదు. అలా చెప్పి వేలకు వేలు గుంజే కోచింగ్ సెంటర్లున్నాయి, జాగ్రత్త! పైథాన్ నెమ్మదైన భాష. ఎక్కువమంది వాడే పైథాన్‌ను రాసింది కూడా సి లోనే. కాబట్టి సి కూడా నేర్చుకోవాలి, పరీక్ష పాసవ్వాలి. పైథాన్‌లో లూపు అంటే ఏమిటో అర్థమయ్యాక సి పుస్తకం మళ్ళీ తెరిస్తే మాకు భయం వేయలేదు, బ్యాక్‌లాగూ పోయింది. నేల విడిచి సాము చేయవద్దన్నదే మా మాట. "ఇప్పుడు ఏఐ రాసిపెడుతుంది కదా" అనే తమ్ముళ్ళకు కూడా ఒక మాట. అది రాసినదాన్ని అర్థం కాకుండా దించుకోవడం, ఆనాడు మేము పట్టిన బట్టీ లాంటిదే. మెస్ లెక్క తప్పితే జవాబు చెప్పాల్సింది ఏఐ కాదు, మనమే.

ఇక మా కోరికలు. తమ్ముళ్ళూ, కనీసం ఒక ఏడాది ఒకే భాషను పట్టుకోండి. ఒంటరిగా కాకుండా నలుగురు కలిసి కూర్చోండి. ఫోను చాలు. చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ గారి పైథాన్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి. పూర్వ విద్యార్థులైన అన్నలారా, వార్షికోత్సవానికి మీరిచ్చే విరాళం గొప్పదే. దానితోపాటు మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి, ఆదివారం ఒక గంట ఫోనులో అందుబాటు ఇవ్వండి. "రేపు రెండో లైను రాయండి" అనే ఒక్క మాట మమ్మల్ని ఇంత దూరం తెచ్చింది. వార్డెన్ గారు ఆదివారం సాయంత్రం స్టడీ హాలు తెరిచి ఉంచితే చాలు, మిగతాది మేము చూసుకుంటాం.

మేము మొదటి నుంచీ ఒక లాంగ్ నోటుబుక్కులో మాకు వచ్చిన ఎర్రర్లు రాసుకున్నాం. ఎడమ పక్క ఎర్రర్ పేరు, కుడి పక్క తెలుగులో దాని అర్థం, ఎలా సరిచేశామన్నది. ఇప్పటికి 140 దాకా ఉన్నాయి. ఆ పుస్తకాన్ని ఈ వార్షికోత్సవం రోజున స్టడీ హాలు బీరువాలో పెడుతున్నాం. చివర్లో ముప్పై పేజీలు ఖాళీగా ఉన్నాయి. అవి మీవి.