వీడియో ఆటల తీర్థము

ఉత్తరాంధ్ర పల్లెలలో జాతరను తీర్థమందురు. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ తీర్థమునకు పరవాడ ప్రాంతపు జనులు కుటుంబములతో పోవుదురు. ఆ ప్రయాణమునకు ఎంత వ్యయమైనదో ఏ యింటను లెక్క వ్రాసి చూచుకొనరు. తీర్థమునకు పోయి లాభమేమని అడిగినవానిని పెద్దలు వింతగా చూతురు. అయితే ఇటీవల అదే పరవాడలోని పడుచువారు మరియొక తీర్థమునకు పోవలెనని ఆశపడుచున్నారు. అది హైదరాబాదులో జరుగును. అందు దేవత లేదు, రథము లేదు. వీడియో ఆటలు కలవు, వానిని ప్రేమించు జనము కలదు. దీనికగు వ్యయమును మాత్రము ఇంటిల్లిపాదియు కూర్చుండి పైసలతో సహా లెక్కింతురు. లెక్కించుట తప్పు కాదు. కాని ఆ లెక్కలో ఒక పద్దు తరచుగా విడిచిపోవుచున్నది.

హైదరాబాదునకు ఇట్టి సమ్మేళనములు కొత్తవి కావు. బొమ్మల కథల అభిమానులకై ఏర్పడిన కామిక్ కాన్ 2013లో ఆ నగరమునకు వచ్చెను. ఆటలకే ప్రత్యేకమైన డ్రీమ్‌హ్యాక్ 2022లోను, 2023లోను మాదాపూరు చెంతనున్న హైటెక్స్ ప్రదర్శనశాలలో జరిగెను. 2024 నవంబరులో ఈ రెండును ఒకే కప్పు క్రింద మూడు దినములు నడచినవి. లోనికి పోయినవారికి పెద్ద వేదికపై పోటీలు, వానిని చూపు తెరలు, వరుసలు తీర్చిన కంప్యూటర్లు, కొత్త ఆటలను ఆడి చూడుడని పిలుచు అంగళ్లు, బొమ్మలు, చొక్కాలు అమ్ము దుకాణములు కనబడును. ఆటలలోని వీరుల వేషములు ధరించి యువతీయువకులు తిరుగుచుందురు. ఆ వేషధారులను చూచి ముక్కుమీద వ్రేలు వేసికొను పెద్దలే తమ యూరి సంబరములో పులివేషము కట్టినవానికి బహుమాన మిత్తురు!

ఇక వ్యయము మాట. పరవాడలో ఫార్మాసిటీ కర్మాగారములలోనో, సింహాద్రి విద్యుత్కేంద్రమున కాంట్రాక్టు పనులలోనో నెలజీతమునకు పనిచేయు తండ్రికి పాలిటెక్నిక్ చదువు కుమారు డున్నాడనుకొందము. ఆ కుర్రవాడు అనకాపల్లికో దువ్వాడకో పోయి సాయంకాలము గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినచో మరునాటి ఉదయమునకు నాంపల్లిలో దిగును. దూరము సుమారు 700 కిలోమీటర్లు. స్లీపరు తరగతి టికెట్టు నాలుగువందల రూపాయలకు కొంచెము అటునిటుగా నుండును. 2023 జనవరిలో ప్రారంభమైన వందే భారత్ రైలు విశాఖపట్టణమునుండి సికింద్రాబాదునకు దాదాపు ఎనిమిదిన్నర గంటలలో చేర్చును గాని దాని టికెట్టు ఇంచుమించు నాలుగు రెట్లు. నాంపల్లిలో మెట్రో ఎక్కి, అమీరుపేటలో రైలు మారి, హైటెక్ సిటీ వద్ద దిగి, అచటినుండి ఆటోలో పోవలెను. ఇంతవరకు అయిన ఖర్చు పెద్దది కాదు. అసలు ఖర్చు ఇకమీదట మొదలగును. ప్రవేశపు టికెట్టు, రాత్రి బస, ప్రదర్శనశాలలోని భోజనము — ఇట్టి చోట్ల తినుబండారముల వెల ఎట్లుండునో సినిమాహాలుకు పోయినవారు ఊహింపగలరు — ఆపైన చేతిలో మిగిలిన రూపాయలను లాగికొను బొమ్మల దుకాణములు. రెండుమూడు దినముల చదువు పోవుటయు ఖర్చే. పోటీల రుసుము, పుస్తకముల వెల ముందుంచుకొని తండ్రి జంకినచో ఆతనిని పిసినారి యనుట అన్యాయము.

వెళ్లవద్దనువారి వాదము బలహీనమైనది కాదు. వేదికపై జరుగు పోటీలను యూట్యూబులో ఉచితముగా చూడవచ్చును; వేల మంది తలల మధ్యనుండి మెడ చాచి చూచుటకంటె ఇంటిలో చాపమీద కూర్చుండి చూచుట సుఖము. కొత్త ఆట వెలువడబోవు వార్త క్షణములో ఫోనునకు వచ్చును. బొమ్మలును చొక్కాలును పరవాడకే పార్సెలులో వచ్చును. ఈ వాదము ఎంత బలమైనదో ఎలక్ట్రానిక్ ఎంటర్‌టైన్‌మెంట్ ఎక్స్‌పో చరిత్రయే చెప్పును. ఇ-త్రీ యని పేరొందిన ఆ ప్రదర్శన 1995లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఆరంభమై, ఆటల వ్యాపారమున కంతకును ముఖ్య కేంద్రమై వెలసెను. కంపెనీలు తమ కొత్త ఆటలను అచటనే లోకమునకు ప్రకటించెడివి. కాలక్రమమున అవి తమ ప్రకటనలను తామే నేరుగా అంతర్జాలములో చేసికొన నేర్చినవి. అటుపై ఆ సభతో వానికి పని తగ్గెను. 2020లో కోవిడ్ కారణముగా అది ఆగినది. 2021లో అంతర్జాలముననే జరిగినది. 2022లోను, 2023లోను జరుగలేదు. ఇక ఎన్నడును జరుగబోదని 2023 డిసెంబరులో ప్రకటించిరి.

అట్లని సమ్మేళనములన్నియు అంతరించలేదు. జర్మనీలోని కొలోన్ నగరమున 2009నుండి జరుగు గేమ్స్‌కామ్ అను సమ్మేళనమునకు 2024లో మూడు లక్షలకు పైగా జనులు వచ్చిరి. వారి ఇండ్లలో అంతర్జాలము లేక కాదు. వార్తలను ప్రధానముగా పంచిన సభ మూతపడినది. సామాన్యులు వచ్చి ఆడుటకు తలుపులు తెరచిన సభ నిలిచినది. తాను రైలెక్కి పోవునది దేనికో తేల్చుకొనని కుర్రవాడు ఈ భేదమును కొంచెము ఆలోచింపవలెను. వార్తల కొరకును, వస్తువుల కొరకును, ప్రసిద్ధుని దూరమునుండి చూచి ఫొటో తీసికొనుట కొరకును 700 కిలోమీటర్లు పోవుట దండుగ. ఈ విషయమున తండ్రిదే ఒప్పు.

విడిచిపోయిన పద్దు వేరొకటి కలదు. అంతర్జాలములో ఆడునపుడు, ఆటగాడు మీట నొక్కిన సంగతి ఎచటనో దూరముననున్న సర్వరును చేరి తిరిగి వచ్చుటకు కొంత జాగు పట్టును. ఆటగాండ్రు దీనిని పింగ్ అందురు. సెకనులో వేయవ వంతులుగా కొలుతురు. ఫోను సంకేతము నమ్ముకొని ఆడువానికి అది ఒకమారు యాభై, మరొకమారు రెండువందలు కావచ్చును. గురిపెట్టి కాల్చు ఆటలో ఆ స్వల్పవ్యవధియే గెలుపోటములను మార్చివేయును. అందువలన ఇంటి నుండి ఆడి ఓడిన ప్రతివాడును నెట్టు బాగులేదనును. కొన్నిమారులు అది నిజమే. పెక్కుమారులు కాదు. ఏది ఎప్పుడు నిజమో ఆతనికే తెలియదు. ప్రదర్శనశాలలో కంప్యూటర్లన్నియు ఒకే తీగల వ్యవస్థకు కలుపబడి యుండును. జాగు దాదాపు ఉండదు. ఉన్నను ఇరుపక్షములకును సమానము. అచట ఓడినవాడు నెపము చెప్పలేడు. ఎదుటివాడు పది అడుగుల దూరములో కూర్చుండి యుండును. ఆట ముగియగానే లేచి వచ్చి, ఎచట పొరబడితివో చెప్పెదననును. అట్టి మాట పది నిమిషములు వినుట, ఒంటరిగా నెలల తరబడి రాత్రులు మేల్కొని ఆడుటకంటె మేలు.

తెలుగువారికి ఇది తెలియని సంగతి కాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడిన పిదప ఊరూర నున్న ఔత్సాహిక సమాజములు తమ తెరలు, దుస్తులు, రంగుపెట్టెలు మోసికొని పరిషత్తు పోటీలకు పోవుట అలవాటయ్యెను. సొంత ఊరిలో చప్పట్లు కొట్టువారు చుట్టములు, స్నేహితులు. పోటీలో ఎదుట కూర్చుండువారు నాటకము తెలిసినవారు. పగలు గుమాస్తా, రాత్రి దుర్యోధనుడు అయిన మనిషికి ఆ ప్రయాణము వలన ఇంట దమ్మిడీ లాభము రాలేదు. అయినను తన విద్య ఏపాటిదో ఆతడు అచటనే తెలిసికొనెను. చదరంగము ఆడు బాలబాలికల తలిదండ్రులు నేటికిని రైళ్లలో దేశమంతయు తిరుగుట ఇందుకే. చదరంగమునకు గౌరవము కలదు, వీడియో ఆటకు లేదు. భేదమంతయు అచటనే యున్నది.

ఆట ఆడువానికంటె ఆట తయారుచేయువానికి ఈ ప్రయాణము మరింత విలువైనది. గోడాట్, బ్లెండర్ వంటి సాధనములు నేడు ఉచితముగా దొరకుచున్నవి. పాత కంప్యూటరు ముందు కూర్చుండి పాలిటెక్నిక్ విద్యార్థి చిన్న ఆట నొకదానిని కల్పింపగలడు. కాని దానిని ఆడి చూచిన మిత్రులెల్లరు బాగున్నదనియే అందురు. స్నేహధర్మ మది. ముఖపరిచయము లేనివాని చేతికిచ్చి, ప్రక్కన నోరు మూసికొని నిలుచుండినచో, రెండు నిమిషములలో సత్యము తెలియును. ఆతడు ఏ మెట్టు వద్ద తికమకపడెను, ఎచట విసుగుచెంది లేచిపోయెను — ఈ పాఠమును ఏ గురువును చెప్పజాలడు. హైదరాబాదులోనే ఓగర్ హెడ్ స్టూడియో అను చిన్న సంస్థ మన పురాణముల ఛాయలు గల ‘అసుర’ అను ఆటను 2017లో విడుదల చేసినది. ఆటలు ఎక్కడో జపానులోనే పుట్టుననుకొను కుర్రవాడు ఇట్టివారితో ముఖాముఖి ఒక గంట మాటలాడుట చిన్న విషయమా?

ఇందు పెద్దల భయ మొకటి కలదు; అది నిర్మూలము కాదు. ఆట పేరిట జూదము పెక్కు ఇండ్లను కూల్చినది. 2025 ఆగస్టులో పార్లమెంటు అంతర్జాల ఆటలపై చట్టము చేసి, పందెము కాయు ఆటలను నిషేధించి, నైపుణ్యముతో పోటీపడు ఇ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహింపదగినదిగా వేరుపరచెను. కనుక ఆ రెంటిని ఒకే గాట కట్టరాదు. అయినను ఆటగాడినై బ్రతికెదనను మాటను మాత్రము తేలికగా నమ్మరాదు. లక్షలాది మంది ఆడిన బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా 2022 జూలైలో ప్రభుత్వాజ్ఞచే నిలిచిపోయి, 2023 మేలో గాని తిరిగి రాలేదు. ఆ పది నెలలు దానినే వృత్తిగా నమ్ముకొన్నవారి గతి యేమి?

సమ్మేళనము హైదరాబాదునకే పరిమితము కావలెనన్న నియమ మేమియు లేదు. డ్రీమ్‌హ్యాక్ పుట్టినది స్వీడనులోని మాలుంగ్ అను చిన్న ఊరిలో. అచట కొందరు సహాధ్యాయులు తమ కంప్యూటర్లను మోసికొని వచ్చి పాఠశాల నేలమాళిగలో కూడిరి. 1994లో ఆ పాఠశాల భోజనశాలకు మారిరి. అంతకుమించిన ఆర్భాటము లేదు. ఓడరేవును, ఉక్కు కర్మాగారమును, ఇన్ని కళాశాలలును గల విశాఖపట్టణమున పది కళాశాలలు కలిసి ఒక శని, ఆదివారములు తమ ప్రయోగశాలలను తెరచినచో, పరవాడ కుర్రవాడు సిటీబస్సు ఖర్చుతో పోయి సాయంకాలమునకు ఇల్లు చేరును. ఇది జరుగునంతవరకు హైదరాబాదు ప్రయాణము తప్పదు. మూడు దినములకు బదులు ఒక్క దినమునకు పోవచ్చును. పగలంతయు ఉండి రాత్రి రైలుకే మరలినచో బస ఖర్చు తప్పును. దుకాణముల వైపు వెళ్లకయే ఉండవచ్చును. పోటీలో పేరు నమోదు చేసికొనియో, తాను చేసిన ఆటను ల్యాప్‌టాప్‌లో పెట్టుకొనియో పోవువానికి ఆ ఒక్క దినము చాలును. అట్టివానికి తండ్రి సొమ్మిచ్చుట యుక్తము. అప్పుచేసి మాత్రము కాదు. ఆరు నెలలు కూడబెట్టి.

ఈ చర్చ అంతయు కుమారులను గురించియే సాగుట గమనింపదగినది. ఆటలాడు బాలికలు పరవాడలోను ఉన్నారు. వారిలో కొందరు అంతర్జాలములో మగపేర్లు పెట్టుకొని, మైకు తీసివేసి, మాటలాడకయే ఆడుదురు. గొంతు వినబడినంతనే అవతలివారు ఏమందురో వారెరుగుదురు. తనవంటి బాలికలు ఎందరో కలరని ఆమె కన్నులార చూచుటకు అనువైన చోటు ఇట్టి సమ్మేళనమే. ఆమెను మాత్రము ఒంటరిగా రాత్రి రైలెక్కింపరు. తల్లియో, పిన్నియో తోడు పోవలెను. అపుడు రైలు టికెట్లు రెండు, ప్రవేశపు టికెట్లు రెండు, భోజనములు రెండు. ఆ తల్లి పగలంతయు ఆ చప్పుడులో ఒక కుర్చీ వెదకికొని కూర్చుండి, ఏమియు అర్థము కాక, కూతురు హెడ్‌ఫోను తీసి పెద్దగా మాటలాడుచుండుట చూచుచుండును. వ్యయము రెండింతలైనను ముందుగా సొమ్ము కూడబెట్టవలసినది ఈ ప్రయాణమునకే.