సిగ్నల్ లేని గూడెంలో జరిమానా ఎవరికి?

నేను పెంటపాడు మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతాను. పుట్టింది బుట్టాయగూడెం మండలంలో, కొండ కింద ఒక కోయగూడెంలో. బడి దగ్గర ఫోన్ తీస్తే సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి. మా గూడెంలో చింతచెట్టు దాటి గట్టెక్కితే తప్ప ఒక్క గీత రాదు. రీఛార్జి ధర మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

మొన్న ఎండాకాలం సెలవులకు ఇంటికి వెళ్ళాను. మా చిన్నమ్మ ఉపాధి పనికి పోయి పొద్దంతా మట్టి తవ్వింది. 2023 జనవరి 1 నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి యాప్‌లో ఎక్కిస్తేనే హాజరు. ఆ రోజు రెండో ఫోటో ఎక్కలేదు. మేట్ గట్టెక్కి చూశాడు, నెట్ రాలేదు. చిన్నమ్మకు ఆ రోజు కూలి పోయింది. "ఏరా, నేను తవ్విన గుంట అక్కడే ఉందిగా. అది కనబడలేదా వాళ్ళకి?" అని నన్నడిగింది. టీచర్ని అయ్యుండీ నోరు మెదపలేకపోయాను.

సిగ్నల్ ఇవ్వని కంపెనీకి ఆ రోజు ఏ జరిమానా పడలేదు. మట్టి తవ్విన మనిషికి పడింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కంపెనీల మీద జరిమానాలు వేయడానికి చట్టాలు లేక కాదు. 1997లో పుట్టిన ట్రాయ్ ఉంది, పైన ఢిల్లీలో టెలికాం శాఖ ఉంది. అవి వేసిన జరిమానాలు ఏమయ్యాయో చూడండి.

2015 అక్టోబరులో ట్రాయ్ ఒక నియమం తెచ్చింది. మాట్లాడుతుండగా కాల్ తెగిపోతే వినియోగదారుడికి కంపెనీ ఒక రూపాయి ఇవ్వాలి, రోజుకు మూడు రూపాయలకు మించకుండా. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2016 మే 11న సుప్రీంకోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. ఎందుకని? నూటికి రెండు కాల్స్ వరకు తెగినా ప్రమాణం పాటించినట్టేనని ట్రాయే చెప్పింది. అలా పాటించిన కంపెనీ మీద కూడా, తప్పు ఎవరిదో తేల్చకుండా భారం వేయడం న్యాయం కాదని కోర్టు అంది.

నేను ఆ తీర్పును తప్పు పట్టను. తప్పు తేల్చకుండా శిక్ష వేయకూడదన్నది మంచి మాట. ఆ మాట మా చిన్నమ్మకు ఎందుకు వర్తించదన్నదే నా ప్రశ్న. ఒక్క రూపాయి దగ్గర కంపెనీకి దొరికిన న్యాయం, రోజు కూలి దగ్గర కోయ ఆడమనిషికి దొరకదా?

ఇంకొకటి. జియో కొత్తగా వచ్చినప్పుడు దాని కాల్స్ కలవడానికి తగినన్ని కనెక్షన్లు ఇవ్వలేదని 2016 అక్టోబరులో ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాల మీద మొత్తం 3,050 కోట్ల జరిమానాకు ట్రాయ్ సిఫారసు చేసింది. సర్కిల్‌కు 50 కోట్ల లెక్క. దానికి పైస్థాయి ఆమోదం వచ్చింది 2019లో, నోటీసులు వెళ్ళింది 2021లో. ఆ తర్వాత వ్యవహారం ట్రిబ్యునల్‌కు చేరింది. కంపెనీకి కంపెనీకి మధ్య తగువులోనే నోటీసు రావడానికి అయిదేళ్ళు. చిన్నమ్మ కూలి కొట్టేయడానికి ఒక్క పూట చాలింది.

2017 సంగతి మన ఇళ్ళ దాకా వచ్చింది. సిమ్‌కు ఆధార్ సరిచూస్తామని వేలిముద్ర తీసుకుని, చాలామందికి తెలియకుండానే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచారు. గ్యాస్ సబ్సిడీ ఆ ఖాతాల్లోకి మళ్ళింది. సుమారు 31 లక్షల మందికి చెందిన 190 కోట్లు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఆధార్ సంస్థ రెండున్నర కోట్ల మధ్యంతర జరిమానా, 2018 మార్చిలో రిజర్వు బ్యాంకు అయిదు కోట్ల జరిమానా వేశాయి. ఆ జరిమానా సొమ్ము బాధపడిన వాళ్ళకు రాదు. వాళ్ళకు వచ్చింది వాళ్ళ డబ్బే.

మరి మన గూడేలు ఈ లెక్కల్లో ఎక్కడున్నాయి? చాలాకాలం సేవల నాణ్యతను సర్కిల్ మొత్తానికి సగటు తీసి చూశారు. మన సర్కిల్ అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి. హైదరాబాదు, విజయవాడ మార్కులతో మన సున్నా కలిసిపోయింది. 2024 ఆగస్టు నియమాల్లో కొంత మార్పు వచ్చింది: జిల్లాలో 24 గంటలకు మించి సేవ ఆగితే అద్దె తగ్గించాలన్నారు. కానీ ఏలూరులో ఫోన్ మోగుతుంటే జిల్లా బాగున్నట్టే కదా. టవరే లేని చోట కాల్ తెగదు. తెగని కాల్‌కు జరిమానా ఉండదు.

"అడవిలో టవర్ పెడితే కంపెనీకి గిట్టదు మాస్టారూ" అని నాతో పనిచేసే ఒకాయన అన్నాడు. గిట్టదని ముందే తెలుసు కాబట్టే 2002 నుంచి నిధి పెట్టారు. కంపెనీల ఆదాయంలో 5 శాతం దానికి వెళ్తుంది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. మనం చేసే ప్రతి రీఛార్జిలో ఆ వాటా ఉంది. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ కోసం 26,316 కోట్లు ఆమోదించింది. కాబట్టి మనం అడిగేది దానం కాదు. మనం కట్టిన డబ్బుకు లెక్క.

అడగాల్సినవి మూడు. నాణ్యతను గూడెం గూడెంలో కొలవాలి. జరిమానా సొమ్ములో వాటా సేవ అందని ఊరికే ఖర్చు పెట్టాలి. సిగ్నల్ లేక హాజరు ఎక్కకపోతే మేట్ రాసిన కాగితం మస్టరే చెల్లాలి, కూలి కోయకూడదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, తోటి టీచర్లూ, ఊరికే తిట్టుకుంటే లాభం లేదు. ఒక నోటుబుక్కు పెట్టండి. సిగ్నల్ పోయిన తేదీ, గంట, పోయిన కూలి రాయండి. తమ సిగ్నల్ ఎక్కడెక్కడ ఉందో కంపెనీలు ఇప్పుడు మ్యాపులు బయటపెట్టాలి. మీ గూడెం మీద వాళ్ళు రంగు పూశారేమో చూడండి. కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి, వినకపోతే అక్కడే అప్పీలు చేయండి. టెలికాం ఫిర్యాదుల మీద వినియోగదారుల కమిషన్‌కూ పోవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. షెడ్యూల్డ్ గ్రామాల్లో పెసా కింద గ్రామసభ ఉంది. తీర్మానం రాయించి ఐటీడీఏకు పంపండి.

మా బడిలో యానాది పిల్లలున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు కొల్లేరు వైపు చేపల చెరువుల మీద కాపలా ఉంటారు. ఒకసారి ఒక పిల్ల పలక పగిలితే, పగలగొట్టిందెవరో కనుక్కోకుండా ఆ పిల్లనే తిట్టాను. "నేను కాదు సార్" అని అది ఏడ్చింది. మర్నాడు నిజం తెలిసి, అందరి ముందూ తప్పు నాదని చెప్పాను. పిల్లల దగ్గర మనం ఒప్పుకునే ఆ చిన్న న్యాయాన్నే ప్రభుత్వాన్నీ ఒప్పుకోమంటున్నాను. చిన్నమ్మ తవ్విన గుంట ఇంకా అక్కడే ఉంది.