ఆత్మ ఫోటో చూపిస్తారా? అసలు ఫైలు ఇవ్వండి!

రాయపూర్‌లో మా తెలీబంధా చెరువు గట్టున రాత్రిపూట ఫ్లాష్ వేసి ఫోటో తీయండి. గుండ్రటి తెల్ల మచ్చలు పడితే, "అవి ఆత్మలు" అనేవారు దొరక్కపోరు. లెన్సు దగ్గర ఎగిరే దుమ్ము మీదో, నీటి తుంపర మీదో ఫ్లాష్ వెలుగు పడి వెనక్కి వచ్చినా అలాంటి మచ్చే వస్తుంది. ఏది నిజమో తేలాలంటే అసలు ఫోటో కావాలి.

మనవాళ్ళేమో ఫోన్లోని ఫోటోని ఇంటి కంప్యూటర్‌కి వాట్సాప్‌లో పంపుకుంటారు. మామూలుగా పంపితే అది ఫోటోని కుదించేస్తుంది. ఎప్పుడు తీశారో, ఫ్లాష్ వెలిగిందో లేదో చెప్పే ఎగ్జిఫ్ సమాచారం పోతుంది.

వైరు లేకుండానే అసలు ఫైలు పంపొచ్చు. రెండూ ఒకే వైఫైలో ఉంటే లోకల్‌సెండ్, కేడీఈ కనెక్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు దాన్ని ఉన్నదున్నట్టు చేరవేస్తాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫోటో ఇల్లు దాటదు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? టోనహీ అని ముద్ర వేసి ఆడవాళ్ళను హింసించడాన్ని ఆపడానికి మన ఛత్తీస్‌గఢ్‌లో 2005లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. అలాంటి చోట ఒక మసక ఫోటో చాలు, ఒక మనిషి బతుకు బుగ్గి కావడానికి.

ఎగ్జిఫ్‌నీ మార్చొచ్చు, కాబట్టి దాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. కానీ అసలు ఫైలు ఉంటే పరీక్షించడానికి ఏదో ఒక ఆధారం ఉంటుంది. అది ఇవ్వనంటే నమ్మాల్సిన బాధ్యత మనకు లేదు. రుజువు చేయాల్సింది చెప్పేవాడే!